క్యాలెండర్‌లో ఖాళీ గడి

ఒరేయ్ దర్సోనో, లేవగానే పొయ్యి వెలిగించి మైనం కరిగించు, పొగ రానివ్వకు. పదింటికి నీలిమందు తొట్టిలోంచి బట్టలు తీసి నీడన ఆరెయ్యి. సోయాగింజల టెంపే ముక్కలు వేయించి పెట్టాను.

క్యాలెండర్‌లో బుధవారాలు నేను కావాలనే ఖాళీగా వదిలాను. ఆ పూట కొత్త బాటిక్ నమూనాలు గీసుకోవాలి, వచ్చే ఏడు మన అద్దకం షెడ్డు ఏ దారిన పోవాలో ఆలోచించుకోవాలి. నువ్వేమో ఇవాళ్టి గడి ఖాళీగా కనబడగానే, మర్ని పిన్ని ఇంటి పెళ్లివంటలో కొబ్బరి తురమడానికి నన్ను రాసేశావు. పైగా "ఊరికే కూర్చుంటావుగా అక్కా" అంటావా? మూడేళ్లుగా అమ్మ గీసిన పూలనే అమ్ముకుంటున్నాం. సెమరాంగ్ షావుకార్లు అవి చూడగానే మొహం తిప్పుకుంటున్నారు.

రోజూ పొద్దున్నే నువ్వు నీ గువ్వ పంజరం కింద గంటసేపు కూర్చుంటావు. దాని కూత నీకు వినబడాలని ఇంట్లో మేమెవరం గిన్నె చప్పుడు కూడా చెయ్యం. నిన్నెవరైనా ఊరికే కూర్చున్నావన్నారా?

బట్టలు ఆరేశాక కొబ్బరి నువ్వే వెళ్లి తురుము. నేను కాగితాలు తీసుకుని రేవుకి పోతున్నాను.

అక్క

గువ్వకి గింజలు వేశాను. వచ్చే బుధవారం నన్ను కూడా గువ్వే అనుకో. కూసేదాకా పలకరించకు.