అమ్మ పక్క సీటు

నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట అలవాటు కొద్దీ రాయడం లేదు; నా మెడ, అమ్మ భుజం, మామయ్య కాలు వరసగా చూసుకుని మరీ రాస్తున్నాను. ఓడ ఇంజన్ గది వేడికి మీ చేతుల మీద లేచిన పొక్కులు తగ్గాయా? మందు రాసుకోండి. పోయినసారిలా మూత తియ్యని డబ్బా తిరిగి ఇంటికి తెచ్చారంటే ఊరుకోను.

బస్టాండులో మైకు ముందు కూర్చునే పిల్లను లారీ పందెంలోకి ఎవరు తోశారని అడిగారు. ఎవరూ తోయలేదు. పందెం ఇంకా ఐదు రోజులుందనగా మామయ్య మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పదకొండేళ్ళుగా అమ్మ పక్కన కో-డ్రైవర్‌గా కూర్చుని దారి చెప్పేది ఆయనే కదా. అమ్మ తల పట్టుకుని కూర్చుంది. "దీని గొంతు ఉందిగా అక్కా, వెయ్యిమంది గోలలో కూడా వినపడుతుంది," అన్నాడాయన మంచం మీంచి. అంతే, మర్నాడు నా నెత్తిన హెల్మెట్.

రెండో ప్రశ్న అమ్మ చేతుల గురించి. ఇక బండి నడపనని ఆవిడ రాసిందనీ, చేతులకేమైందోనని బెంగగా ఉందనీ, అయినా ఇన్నాళ్ళకు మానేస్తోంది కనుక ప్రాణం కుదుటపడిందనీ రాశారు. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ నేరుగా రాయడానికి చెయ్యి రావడం లేదు. కాస్త ఓపిక పట్టండి.

ఈ పందెంలో రోడ్డంటూ ఉండదు. ఇసుక, రాళ్ళు, ఎండిన వాగులు. ఎన్ని మీటర్లకు ఏ మలుపో, ఎక్కడ గుంటో అన్నీ దారి పుస్తకంలో ఉంటాయి. అది చూసి కో-డ్రైవర్ ముందుగా చెప్పాలి. నాకేమో బస్సు కంటపడ్డాక చెప్పడం అలవాటు. సాధనలో మొదటి మలుపు కనపడగానే "కుడి!" అని అరిచాను. అమ్మ బండి ఆపేసింది.

"అది నాకూ కనపడుతోందిలేవే. కనపడనిది చెప్పు."

"రాని బస్సుని వచ్చిందని ఎలా చెప్పమంటావే అమ్మా?"

"పుస్తకంలో ఉంటే వచ్చినట్టే. తల దించుకుని చదువు, అంతే. బండిలో కో-డ్రైవర్ మాటకు ఎదురుండదు. నువ్వు గోడలోకి పొమ్మంటే గోడలోకే పోతాను. గుర్తుపెట్టుకో."

ఏదో బెదిరిస్తోందిలే అనుకున్నాను. పందెం మొదలయ్యాక తెలిసింది, అది ఉన్న మాటే అని. ముందు వెళ్ళిన లారీల దుమ్ము అద్దాన్ని కప్పేసింది. ఎదురుగా ఏమీ లేదు. పుస్తకం చూసి "రెండు వందలు, ఎడమ," అన్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. ఏమీ కనపడని దుమ్ములోకి స్టీరింగ్ తిప్పేసింది. నిజంగానే అక్కడ దారి ఉంది! "గుంట" అంటే బండి నెమ్మదించేది. "కుడి" అంటే ఎనిమిది టన్నుల ఇనుము కుడికి ఒరిగేది. నేను నోటితో అన్నదల్లా నేల మీద జరుగుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. భయం కాదు నాన్నా, అంతకన్నా పెద్దదేదో. ఇంట్లో పాల గిన్నె పొంగబెట్టి నాతో తిట్లు తినే మా అమ్మేనా ఈవిడ అనిపించింది. మీరు ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి బండి దిగమని పోరుతున్నారే, ఒక్కసారైనా ఆ పక్క సీట్లో కూర్చున్నారా?

నూట నలభయ్యో కిలోమీటరు దగ్గర పెద్ద ఇసుక దిబ్బ వచ్చింది. ఎక్కాక వెంటనే ఎడమకు తిరగాలి, ఎదురుగా వాగు. మేము తిరగలేదు. బండి వాగులోకి జారి పక్కకు పల్టీ కొట్టింది. ఇది మీకు తెలిసిందే.

తెలియనిది చెబుతున్నాను. బెల్టులకు వేలాడుతుండగా అమ్మ మొదట నాకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదన్నాక, "ఎడమ చెప్పావా?" అంది.

"చెప్పానమ్మా."

"నాకు వినపడలేదే." కాసేపు ఊపిరి తీసుకుంది. "నువ్వు చెప్పానంటే చెప్పినట్టేలే. నా చెవులూ చేతులే అందుకోలేదు."

నేను చెప్పలేదు నాన్నా. దిబ్బ పైకి రాగానే దుమ్ము ఆగిపోయి, వెలుగు పుస్తకం మీద పడింది. తలెత్తి చూశాను. నోట మాట రాలేదు. దించేసరికి వాగులో ఉన్నాం. అబద్ధం మాత్రం గుక్క తిప్పుకోకుండా వచ్చేసింది.

డాక్టరు అమ్మ చెవుల్లో, చేతుల్లో ఏ లోపమూ లేదన్నారు. అమ్మ ఆయన్ని నమ్మలేదు, నన్ను నమ్మింది. మూడు వారాలుగా వంటింట్లో నిలబడి గరిటెను పైనుంచి వదిలి, నేలను తాకేలోపు పట్టుకుంటోంది. ప్రతిసారీ పట్టుకుంటోంది. అయినా తల అడ్డంగా ఊపుతోంది. అది చూస్తూ నేను మూడు పూటలా భోజనం చేస్తున్నాను, సిగ్గులేకుండా. రేపు పొద్దున బండి తాళాలు షెడ్డు యజమానికి ఇచ్చేస్తానంటోంది.

ఈ నిజం మీకు సంతోషం కాదని తెలుసు. ఆవిడ మానేస్తే మీరు ఓడలో నిశ్చింతగా నిద్రపోతారు. కానీ ఆ నిద్ర నా అబద్ధం పుణ్యమా అని రాకూడదు. నన్ను తిట్టండి, పడతాను. ఇంతవరకూ రాసింది తీసుకెళ్ళి ఇప్పుడే అమ్మకు చదివి వినిపిస్తాను.

వినిపించాను. అమ్మ పెరటి గుమ్మంలో బట్టలు మడత పెడుతోంది. చివరిదాకా వింది, మడతలు ఆపకుండా. తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"మూడు వారాల్నుంచి వీటిని తిట్టుకుంటున్నానే," అంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లోపలికి వెళ్ళి సంచిలోంచి బండి తాళాలు తీసి, గోడ మేకుకు తగిలించి వచ్చింది. మళ్ళీ మడతలు మొదలుపెట్టింది. క్షమించమన్నాను. మీ చొక్కా మడత పెడుతూ ఉన్నట్టుండి అడిగింది: "ఇంతకీ తలెత్తినప్పుడు ఏం కనపడిందే?"

చెప్పాను. కింద తెల్లటి ఉప్పు నేల, ఆకాశం మొదలయ్యే దాకా. మనకన్నా ముందున్న నాలుగు లారీలు గింజలంత. ఒక్కోదాని వెనక తిన్నగా దుమ్ము గీత, గుడ్డ మీద దర్జీ సుద్దతో గీసినట్టు. ఒక మబ్బు నీడ ఆ తెలుపు మీద మన వైపు నడిచి వస్తోంది. ఇంజన్ మోత కూడా వినపడలేదమ్మా నాకు. నేల ఇంత ఉంటుందని నాకు తెలీదు.

అమ్మ చేతుల్లో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఇరవై ఏళ్ళుగా ఆ దిబ్బ ఎక్కుతున్నాను," అంది. "ఎడమ అనగానే తిప్పడమే తెలుసు నాకు."

తర్వాత కళ్ళు మూసుకుని, "మళ్ళీ చెప్పు, మెల్లగా," అంది.

ఇట్లు,
మీ అబద్ధాల కూతురు