హులిగికి మోసిన జానెడు గుడ్డ

ఆదోని,
కార్తిక పౌర్ణమి ముందు రోజు.

అమ్మకు,

నీ పాదాలకు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను, నీ అల్లుడు, నీ మనవరాలు ఇందు ఆరోగ్యంగా ఉన్నాం. దొడ్డబళ్ళాపురంలో నువ్వు, తమ్ముడు ఈరేష్, బాలింతగా ఉన్న మరదలు ఉమారాణి, ఇంకా పేరు పెట్టని మన చిన్నతల్లి అందరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

చేతిలో ఫోను పెట్టుకుని అక్క ఉత్తరం రాసిందేమిటని ఈరేష్ నవ్వుతాడు. నవ్వనీ. ఫోనంటే నువ్వు స్పీకరు పెడతావు. పక్కనే మరమగ్గాల చప్పుడు కాబట్టి ప్రతి మాటా రెండుసార్లు అరవాలి. ఇందులో ఉన్నవి అరిచి చెప్పదగిన మాటలు కావు. నువ్వు కూడబలుక్కుని చదువుతావని పెద్ద అక్షరాలతో, వరుసల మధ్య ఎడం వదిలి రాస్తున్నాను. ఎవరిచేతా చదివించుకోవద్దు. ఒక పూట పట్టినా నువ్వే చదువు.

నోటుబుక్కు కాగితం మీద నువ్వు పెన్సిలుతో రాసిన ఉత్తరం అందింది. మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. ఇందు పరీక్షలు బాగా రాసింది. ఇక, “సదువు అయిపోయిన పిల్లోల్లకు నువ్వు మల్లీ ఏం సెప్తాండావు?” అని అడిగావు. ఇంత సూటిగా నన్ను మా విశ్వవిద్యాలయంలో కూడా ఎవరూ అడగలేదు.

నా దగ్గరికి ప్రతి శనివారం నలుగురు పరిశోధక విద్యార్థులు వస్తారు. మనుషులు దేవుళ్ళను ఎలా కొలుస్తారు, ఎందుకు మొక్కుకుంటారు అనేది వారి చదువు. ఒక్కొక్కరు నాలుగైదేళ్ళు ఊళ్ళు తిరిగి వందల పేజీలు రాశారు. కానీ ఎవరి పూజ గురించి రాశారో వారికే ఆ రాత అర్థం కాదు. దాన్ని పదిమందికీ తెలిసేలా, తప్పుంటే వాళ్ళే దిద్దేలా చెప్పడం నేర్పుతున్నాను. దేవరాజు అనే అబ్బాయి దేవరగట్టు దసరా కర్రల సమరం మీద పని చేశాడు. ఎవరు ఫోను చేసినా ఈసారి ఎన్ని తలలు పగిలాయని అడుగుతారట. దసరాకు ముందు అక్కడి కుటుంబాలు పాటించే నిష్ఠ గురించి చెప్పబోతే ఫోను పెట్టేస్తారట. ఆ బాధ తీర్చడానికే ఈ తరగతి.

నా పద్ధతి చాలా చిన్నది. మా క్యాంటీన్లో వంట చేసే రామక్క ముందు కూర్చుని, ఆమె ఉల్లిగడ్డలు తరుగుతుండగా చెప్పాలి. ఆమె కత్తి ఆగితే మాట చేరినట్టు. మొదటి శనివారం దేవరాజు అరగంట మాట్లాడాడు. “నాయనా, అయిదు కేజీలు అయిపాయ. ఇంగా మొదులుపెట్టలేదా?” అంది. ఆ అబ్బాయి ముఖం చూడాలి!

పద్ధతితోబాటు ఒక నియమం కూడా పెట్టాను. ఎవరి ఇంటి మాటను బయట చెప్పదలచుకున్నామో, ముందు వాళ్ళకు వినిపించాలి. నియమం పెట్టినప్పుడు అది నా మీదికే వస్తుందని నాకు తెలియదు.

నందిని నీకు గుర్తుండే ఉంటుంది. నిరుడు ఎండాకాలంలో యెమ్మిగనూరులో మనింటికి వచ్చి, సెల్‌ఫోను నీ ముందు పెట్టి రెండు పూటలు నీతో మాట్లాడిన సన్నపాటి అమ్మాయి. నువ్వు నూలు కండెలు చుడుతూనే జవాబులు చెప్పావట. ఆమె నా విద్యార్థిని. నువ్వు నా తల్లివని ఆమెకు తెలియదు. మీ కూతురెవరని అడిగితే, “సదువుకున్న బిడ్డలే తల్లీ, దాని పేరెందుకు ఈడ” అని దాటవేశావట. నీ పేరు కూడా రాయవద్దన్నావట.

నందిని పరిశోధన మొక్కు పేర్ల మీద. పిల్లలు పుట్టాలని, పుట్టినవాళ్ళు బతకాలని మొక్కుకుని ఆ దేవర పేరే పెట్టడం, తరువాత బడిలోనో ఆఫీసులోనో ఆ పేరు మారిపోవడం. నెల క్రితం తన వ్యాసం నా చేతికిచ్చింది. పదిహేడో పేజీలో ‘యెమ్మిగనూరు నేతపని కుటుంబం, డెబ్భై రెండేళ్ళ స్త్రీ’ అని ఉంది. ఆమె ఏటా ఒకసారి, పడుగు చివర మిగిలిన నూలుతో జానెడు గుడ్డ నేయించి, రైలెక్కి కర్ణాటకలోని హులిగికి పోయి హులిగమ్మ అమ్మవారి ముందు పెడుతుందట. పెట్టి ఇలా అంటుందట:

“హులిగమ్మా, నా బిడ్డ పేరు నీదే. కాయితంలో మారింది అంతే. ఆ పొద్దు నేను బడికి పోలేదు. తప్పు నాది. దానిమీద కోపం పెట్టుకోవాకు.”

ఆ మాటతోనే అది నువ్వని తెలిసింది. నువ్వు ఏటా హులిగికి పోతావని నాకు తెలుసు. మొక్కు తీర్చడానికి అనుకున్నాను. క్షమాపణ చెప్పడానికని తెలియదు. మొక్కుల గురించి ముప్పై ఏళ్ళుగా చదువుతున్నదాన్ని, మా అమ్మ సంచిలో ఏముందో అడగలేదు.

తన ప్రసంగాన్ని ఆ జానెడు గుడ్డతోనే మొదలుపెడతానంది నందిని. ఒక బడి ఒక తల్లి మొక్కును ఎలా చెరిపేసిందో చెప్తానంది. రామక్క ముందు చెప్పి చూసింది కూడా. రామక్క కత్తి పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఆనాడు తరిగింది వంకాయలే.

“ఆ ఉదాహరణ తీసెయ్” అన్నాను.

“ఎందుకు మేడం? జనానికి పట్టేది ఇదొక్కటే కదా!”

“దాన్ని ఇంకా సరిచూడలేదు.”

“అంటే ఆ అవ్వ అబద్ధం చెప్పిందంటారా?”

“లేదు. తనకు తెలిసింది తను చెప్పింది” అన్నాను. పిల్ల చిన్నబుచ్చుకుని ఆ పేజీ తీసేసింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం యెమ్మిగనూరులో నేతగాళ్ళ సంఘం గదిలో ప్రసంగం. నలభై మంది దాకా వచ్చారు. నందిని కాగితం చూస్తూ ‘సామాజిక చలనశీలత’ అని మొదలుపెట్టగానే ఇద్దరు టీ కోసం లేచారు. అప్పుడు ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. “నేను బడిలో నందిని. మా అవ్వ మాత్రం ఎల్లమ్మా అని పిలుస్తాది. మీలో ఎంతమందికి రెండు పేర్లు?” అని అడిగింది.

ఇక చూడాలి! “నాకు మూడు! మూడోది ఆధార్‌లో వాళ్ళే పెట్టినారు” అని ఒకాయన. “మా వాడికి వీరన్న అని పెడితే, ఫోన్లో వీరూ అని పెట్టుకున్యాడు. వాళ్ళ తాతకు సెప్తే కట్టె ఎత్తుకుంటాడు” అని ఇంకొకాయన. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మొక్కు పేరు దాచుకున్నవాళ్ళు ఎందుకు దాచుకున్నారో ఒకరికొకరు చెప్పుకున్నారు. నందిని తన రాతలో రెండు తప్పులు అక్కడికక్కడే దిద్దుకుంది. ఇంతకంటే మంచి ప్రసంగం నేను వినలేదు.

చివరలో, ముందు వరుసలో కూర్చున్న ఉచ్చీరమ్మ అనే పెద్దావిడ నావైపు తిరిగింది.

“ఏమ్మా టీచరమ్మా, అందరి పేర్లూ సెప్పిస్తివి. నీదేమి?”

“అరుణకుమారి.”

“అది కాయితం పేరు. నేనడిగింది పుట్టినప్పుడు తొట్లో పెట్టిన పేరు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గడియారం చూసుకుని, బస్సుకు వేళైందన్నాను. నందిని నన్ను అదోలా చూసింది.

అమ్మా, ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. నా పేరు బడి మార్చలేదు. పదో తరగతిలో సర్టిఫికెట్ల కోసం పేర్లు రాసి, తల్లిదండ్రుల సంతకం తెమ్మన్నారు. ఆ వారం నువ్వు మగ్గానికి పడుగు పోగులు అతుకుతూ కదల్లేని పనిలో ఉన్నావు. హాస్టల్లో, హులి అంటే పులి అని కన్నడం తెలిసిన పిల్లలు నన్ను చూడగానే “పులి వచ్చె, జరగండే” అని పక్కలు మడుచుకునేవారు. ఆ ఏడాది మాకు ఇస్త్రీ చీరలు కట్టుకుని వచ్చే కొత్త పంతులమ్మ పేరు అరుణకుమారి. ఆ పేరు నేనే రాసుకున్నాను. కింద నీ సంతకం నేనే పెట్టాను. ఇంటికి వచ్చి, బడిలో అయ్యోర్లే మార్చేశారని నీతో అన్నాను. నువ్వు పొయ్యి ముందు కూర్చుని, “నేను వచ్చింటే మార్చనిస్తింటినా” అన్నావు. ఆ మాట నీ మనసులో ముప్పై ఏడేళ్ళు ఉండిపోతుందని నాకు తెలియదు. తెలియదనడం సాకు కాదు. అడగకపోవడమే నా రెండో తప్పు.

ఆనాడు నువ్వు బడికి రాకపోవడం తప్పు కాదు. వచ్చి ఉంటే ఆ కాగితం నీకు కనబడకుండా దాచేదాన్ని. తప్పంతా నాది.

ఇక చిన్నతల్లి పేరు. నువ్వు పెట్టాలంటున్న హులిగమ్మ పేరు ఉమారాణికి వద్దట, బడిలో నగుతారని భయమట. “నీ పేరు మాదిరి ఇదీ పోతే ఆ తల్లి ఊరుకుంటాదా? దేవుండ్ల సదువు సదివినావు కదా, నువ్వే సెప్పు” అని రాశావు. అమ్మవారు ఏమనుకుంటుందో నా చదువు చెప్పలేదు. చెప్పగలనని అంటే అది ఇంకో అబద్ధం. నాకు తెలిసింది ఇంతే: ఉమారాణి భయం ఉత్తది కాదు, అది నేను పడినదే. నా పేరు పోయిందన్న భయంతో నువ్వు ఆమెను ఒత్తిడి చేయవద్దు. నా పేరును బడి తీసెయ్యలేదు కాబట్టి ఆ భయానికి ఇక ఆధారం లేదు. మొక్కు సంగతి ఆమెకు నింపాదిగా చెప్పు. తొట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంచుకున్న ఇళ్ళు నందిని రాతలో ఎన్నో ఉన్నాయి. ఏది పెట్టినా తల్లి ఒప్పుకుని పెట్టాలి. పెద్దదయ్యాక ఆ పిల్ల మార్చుకుంటానంటే, మీ ఎదుటే అడిగే ధైర్యం దానికి ఇవ్వండి. నాకు లేనిది అదే.

నందినికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. మాట నీది కాబట్టి ముందు నీకే వినిపించాను. నువ్వు సరేనంటే చెబుతాను, తన పదిహేడో పేజీ దిద్దుకుంటుంది. వద్దంటే ఆ పేజీ అలాగే పక్కన ఉంటుంది.

ఒక్క కోరిక. ఈ ఏటి జానెడు గుడ్డ నేయించే ఉంటావు. దాన్ని నువ్వు మోయవద్దు. వచ్చే నెల పౌర్ణమికి నేను దొడ్డబళ్ళాపురం వస్తాను. నా చేతికివ్వు. హులిగికి ఇద్దరం పోదాం. అమ్మవారి ముందు ఈసారి నేను మాట్లాడతాను, నువ్వు ఊరికే పక్కన నిలబడు.

ఉచ్చీరమ్మకు చెప్పకుండా బస్సెక్కిన జవాబు కింద రాస్తున్నాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ,
హులిగమ్మ