తిరిగిరాని మెయిల్

అక్కా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కూతురు చిన్ని బడిలో పద్యం పాడుతుంటే వీడియో తీశాను. దాన్ని నీ మెయిల్‌కు పంపమని ఒకటే గొడవ చేస్తే, తిరువూరు బస్టాండు దగ్గరున్న నెట్ సెంటరుకు వెళ్లాం.

"ఫైలు చాలా పెద్దదండి, ఒకేసారి వెళ్లదు" అంటూ సెంటరతను దాన్ని రెండు ముక్కలు చేసిచ్చాడు.

నీ మెయిల్‌బాక్సు ఎప్పుడో నిండిపోయింది. ఈ ఏడాదిలో నేనేం పంపినా వెంటనే తిరిగొచ్చేది. ఈసారీ అంతేననుకుని మొదటి సగం పంపాను. అది తిరిగి రాలేదు.

"ఎవరో పాత మెయిల్స్ తీసేసి ఖాళీ చేసుంటారండి" అన్నాడతను.

బావకు ఫోన్ చేశాను. "మీ అక్క పాస్‌వర్డు నాకే చెప్పలేదు. ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. లేద్దామంటే చిన్ని కదల్లేదు.

"పద్యం సగంలోనే ఆగిపోయింది పిన్నీ. మిగతాది అమ్మ వినొద్దా?"

రెండో సగం కూడా పంపాను. చాలాసేపు కూర్చున్నాం. అదీ తిరిగి రాలేదు.

నీకు చేరిందని చిన్ని సంబరపడిపోతోంది. నేను మాత్రం గబగబా మెయిల్ మూసేశాను అక్కా, నువ్వు జవాబిస్తావేమోనని.