ఆరో మడతలో రాసింది

అక్కా,

పాలు కాచి మూత పెట్టాను. కుళాయి బాగుచేసే అతను మూడింటికి వస్తానన్నాడు, వంటింటి తూము కూడా చూపించు. నేను కుట్టుషాపు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది.

నీ బల్ల మీద నిన్నటి కాగితం ఆట పెట్టాను. పిల్లలు వేళ్లకు తొడుక్కుని, తెరుస్తూ మూస్తూ జోస్యం చెప్పారే, అదే. నువ్వు రంగుల్లో ఎరుపు కోరావు, అంకెల్లో ఆరు అన్నావు. కళ్లద్దాలు దగ్గర లేక, మా చిన్నదానితో "నువ్వే చదవవే" అన్నావు. అది మడత విప్పి, ఒక్క క్షణం నా వైపు చూసి, "పెద్దమ్మా, నువ్వు రాణివవుతావు" అని చదివింది. నువ్వు మురిసిపోయి దాన్ని ముద్దుపెట్టుకున్నావు.

అక్కడ ఉన్నది అది కాదక్కా. "పెద్దమ్మలా సణిగి సణిగి ముసలైపోతావు" అని ఉంది. రాసింది నేనే. పిల్లలు నవ్వుతారని రాశాను. నువ్వొచ్చి ఆడతావనుకోలేదు.

పొద్దున జడ వేస్తుంటే చిన్నది అడిగింది, "అమ్మా, నేను లేనిది చదివాను కదా, తప్పా?" అని. నీ మనసు నొచ్చుకోకూడదని ఏడేళ్ల పిల్లకు తోచింది, నాకు తోచలేదు. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇలా రాసి పోతున్నాను. దాన్నేమీ అనకు. అనాల్సింది నన్ను.

అన్నట్టు, సాయంత్రం పిల్లలు కొత్తది మడుస్తారట. లోపల ఈసారి నువ్వు రాయి. నా మీద ఏం రాసినా, అందరి ముందూ నేనే గట్టిగా చదువుతాను.