తెల్ల టోపీ వల్ల వచ్చిన తంటా

బెంటన్‌విల్‌లో ఉన్న బావగారికి,

పిస్కాటవేలో మేమిద్దరం క్షేమం. ‘ఇద్దరం’ అన్నాను, గమనించగలరు. ఫోన్‌లో నా గొంతు వినగానే మీరు బావురుమని పెట్టేశారు కాబట్టి ఉత్తరం రాయాల్సి వచ్చింది. మీరు పంపిన తెల్ల పూలు పొద్దున్నే నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. బాగున్నాయి.

జరిగింది ఇది. మీ చెల్లెలి అరవయ్యో పుట్టినరోజుకి మా కోడలు శ్రీవిద్య, పక్కింటి పెయింటర్ ఎలెన్ చేత బొమ్మ వేయించింది. ఎలెన్‌కి పద్దెనిమిదో శతాబ్దం అంటే ప్రాణం. ఆ కాలంలో ఇక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని తెల్ల టోపీ, నల్ల గౌను, చేతిలో పుస్తకంతో వేసేవారట. నగలు వయసుకి తగవట. అదంతా గౌరవమట. ఆ గౌరవం కోసం మీ చెల్లెలు గాజులు, నల్లపూసలు, ఆఖరికి బొట్టు కూడా తీసేసి మూడు ఆదివారాలు కదలకుండా కూర్చుంది. శ్రీవిద్య ఆ బొమ్మని ఒక్క ముక్క రాయకుండా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. సాయంత్రానికల్లా నా పేరు మీద పదకొండు ‘ఓం శాంతి’లు వచ్చాయి. మొదటిది మీదే.

“కనీసం బొట్టైనా పెట్టించవే” అని మీ చెల్లెల్ని బతిమాలాను. ఆవిడ బొమ్మని మురిపెంగా చూసుకుంటూ, “ఉండనివ్వండి. రేపెప్పుడైనా మళ్ళీ మార్పించే పని ఉండదు” అంది.

బావగారూ, నా దినాలకని మీరు బుక్ చేసిన టికెట్ క్యాన్సిల్ చేయకండి. వెంటనే రండి.

ఇప్పటికింకా ఉన్న
మీ బావ