ఊరికే సాయానికి వచ్చే మనిషి

గిరిజా,

నువ్వు అబద్ధాలకోరువి. ప్లేనోలో ఆరేళ్ళుగా మనిద్దరం నడుపుతున్న కర్రీ పాయింట్ మీద దావా పడితే, "ఆవిడ ఊరికే సాయానికి వస్తుంది, ఓనర్‌ని నేనొక్కదాన్నే" అని కోర్టుకిచ్చిన జవాబులో రాయించావు.

లేబుల్ లేని మన పల్లీ పచ్చడి తిని, పల్లీలు పడని ఒకావిడ ఆస్పత్రి పాలైంది. ఆవిడకి జవాబు చెప్పాల్సింది ఇద్దరం. ఎల్‌ఎల్‌సీ కంపెనీ పెడదామని నువ్వు మొదట్లోనే మొత్తుకున్నావు. అది కార్పొరేట్లు బాధ్యత ఎగ్గొట్టే ఉపాయమని, మన మధ్య మాట చాలని గంటసేపు ఉపన్యాసం దంచింది నేను. అది లేకే ఇప్పుడు దావా సొంత ఆస్తుల మీదికి వచ్చింది. అయినా నువ్వు ఒక్కసారి దెప్పలేదు. నన్ను తప్పించి మొత్తం నీ నెత్తిన వేసుకున్నావు.

నిన్న లాయర్ నమ్రతని అడిగాను. "కాగితం లేకపోయినా, లాభం పంచుకుని కలిసి నడిపితే పార్ట్‌నర్సే ఆంటీ" అంది. ఈ దేశపు చట్టంతో నేను ఏకీభవించడం ఇదే మొదలు.

నా కోసం ఇంత చేసినవాళ్ళు ఇంకెవరూ లేరు గిరిజా. కోపం అందుకే. నా డిమాండ్లు ఇవి:

ఒకటి, ఆ జవాబు రేపే సరిదిద్దించు.
రెండు, నీ పేరు పక్కన నా పేరు ఉండాలి.
మూడు, ఇది తేలాక ఎల్‌ఎల్‌సీ పెడదాం. ఉపన్యాసం లేకుండా సంతకం చేస్తాను.
నాలుగు, సోమవారం పచ్చడి నేను రుబ్బుతాను. లేబుల్ నువ్వు అంటించు.