తీతువు అరిచింది నన్ను చూసి కాదు

మంగళవారం, రాత్రి

బ్లాస్టింగ్ వేళ ఎప్పటిలాగే ఎర్రజెండా పట్టుకుని, గనిలోకి ఎవరూ పోకుండా మట్టిగుట్ట దారి మీద నిలబడ్డాను. పక్కనే ఎండిన గడ్డిలో, రాళ్ల నడుమ తీతువు గుడ్లు పొదుగుతోంది. నేను కదిలితే చాలు, లేచి అరుస్తుంది. ఈ రోజు సైరన్ మోగాక ఒకటే అరుపు. నన్ను చూసే అనుకుని నాలుగడుగులు వెనక్కి జరిగి, మళ్లీ దాన్నే చూస్తున్నాను. అరుపు ఆగలేదు. అప్పుడు తల తిప్పాను.

మేకలు కాసే పోశవ్వ నన్ను దాటి గనివైపు దిగుతోంది.

విజిల్ ఊదుతూ పరుగెత్తి ఆమెను వెనక్కి లాగాను. గుట్ట చాటుకు చేరామో లేదో నేల అదిరింది. మేకలు చెల్లాచెదురయ్యాయి.

"సైరన్ వినబడలేదా, అవ్వా?" అని చెవి దగ్గర అరిచాను.

"నా చెవులు మంచిగుంటె నిన్నెందుకు నిలబెడుతరు కొడుకా ఈడ?" అంది.

ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా.

రేపూ అదే దారి మీద డ్యూటీ. నాలుగు రోజులు పోతే గుడ్లు పిల్లలవుతాయి, పిట్ట వాటిని తీసుకుని వెళ్లిపోతుంది. ఆ తర్వాత అక్కడ కాపలా నేనొక్కడినే...